సాగని ముద్ద, అంటుకునే పాస్తా

ప్రశ్న: ఇంట్లో గుడ్లతో పాస్తా చేయాలని రెండుసార్లు ప్రయత్నించాను. కర్రతో ఎంత వత్తినా పిండి వెనక్కి ముడుచుకుపోతోంది. కోసిన పట్టీలేమో నీళ్లలో వేసేలోపే ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. మిషన్ కొనక తప్పదా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పదనేమీ లేదు. మీ రెండు ఇబ్బందులూ వత్తడానికి ముందు పుట్టినవే కాబట్టి మిషన్ కొన్నా అవి అలాగే ఉంటాయి.

పిండిని తడిపి పిసికినప్పుడు అందులోని ప్రోటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే అల్లికగా ఏర్పడతాయి. పిసికిన వెంటనే ఆ అల్లిక బిగువుగా ఉంటుంది కనుక వత్తినంతసేపు సాగి, వదలగానే ముడుచుకుంటుంది. ముద్దకు గాలి తగలకుండా మూతపెట్టి కనీసం అరగంట ఉంచితే ఆ బిగువు సడలుతుంది. ఈ అరగంటను ఎంత తొందరలో ఉన్నా వదులుకోవద్దు.

ఇక అంటుకోవడానికి చాలావరకు కారణం అదనపు తడి. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు సాధారణ కొలత. మొదటి నాలుగైదు నిమిషాలు ముద్ద పొడిపొడిగా, పగుళ్లతో కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది కంగారుపడి నీళ్లు చిలకరిస్తారు. అలా చేయకుండా మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో నెట్టి, మడిచి, మళ్లీ నెడుతూ పది నిమిషాలు పిసకండి. పగుళ్లు మాయమై పైభాగం నున్నబడుతుంది, బొటనవేలితో నొక్కిన గుంట మెల్లగా పైకి లేస్తుంది. గుడ్డు మరీ చిన్నదై, అప్పటికీ ముద్ద కలవకపోతేనే చేయి తడి చేసుకోండి.

వెనక పెట్టిన చేతి నీడ కనిపించేంత పలుచగా వత్తాక, రేకును పది పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. ముట్టుకుంటే చేతికి అంటకూడదు, మడిస్తే విరగకూడదు. తర్వాత సన్న రవ్వ చల్లి, చుట్టి కోసి, పట్టీలను వెంటనే విప్పేయండి. మైదా తడిని పీల్చి జిగురవుతుంది గనుక చల్లడానికి రవ్వే మేలు. వెడల్పు మీ ఇష్టం. టాలియాటెల్లే అనే పొడవాటి పట్టీల పాస్తాకు మాత్రం ఇటలీలోని బొలోన్యా నగర వాణిజ్య మండలిలో 1972లో కొలతే నమోదైంది: ఉడికాక 8 మిల్లీమీటర్లు.

100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు తీసుకోండి. నీళ్లు తెర్లుతుండగా వేసి, వేసిన వెంటనే ఒకసారి కలపండి. రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతుంది. వార్చాక చన్నీళ్లతో కడగవద్దు. సాస్ పట్టుకునేది పైనున్న ఆ పిండి జిగురు వల్లే.