విత్తనం, పొలం పోలిక తీసెయ్ తమ్ముడూ

తమ్ముడూ,

గర్భం ఎలా నిలుస్తుందో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మొదటి పేరాలోనే "పురుషుడు నాటిన విత్తనం స్త్రీ గర్భంలో మొలకెత్తుతుంది" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఈ మాట తరతరాలుగా మన నోళ్లలో నానింది, చెవికి ఇంపుగానే ఉంటుంది, కానీ తప్పు. అందులో ఆమె ఉత్త నేల. శుక్రకణం 23 క్రోమోజోములు (తల్లిదండ్రుల లక్షణాలను బిడ్డకు మోసుకొచ్చే పోగులు) తెస్తే అండం కూడా 23 తెస్తుంది, పైగా మొదటి రోజుల్లో పిండం బతకడానికి కావలసిన సరుకు దాదాపు అంతా అండంలోనిదే.

ఇంకోటి, ఫలదీకరణ, అంటే అండం, శుక్రకణం కలవడం, జరిగేది గర్భసంచిలో కాదు, అండాశయం వైపు నుంచి గర్భసంచికి వచ్చే ఫాలోపియన్ ట్యూబు అనే సన్నని గొట్టంలో. అండాశయం నుంచి బయటపడ్డ అండాన్ని ట్యూబు చివర వేళ్లలా ఉండే కుచ్చులు లోపలికి తీసుకుంటాయి. అండం 12 నుంచి 24 గంటలే ఉంటుంది, శుక్రకణాలు మాత్రం ఆమె ఒంట్లో ఐదు రోజుల దాకా బతకగలవు. ఈ లెక్క తెలియకే ఎంతోమంది దంపతులు టెన్షన్ పడతారు, కాబట్టి దీన్ని వివరంగా రాయి.

"కోట్లమందిని ఓడించిన వీరుడు" అన్న వాక్యం కూడా కొట్టెయ్. కోట్లలో బయల్దేరితే అండం దాకా చేరేవి కొన్ని వందలే, నిజమే, కానీ అదంతా వాటి ఈత గొప్పే కాదు, గర్భసంచి కండరాల కదలిక కూడా వాటిని పైకి పంపుతుంది. వెళ్లగానే అవి అండంలోకి చొరబడలేవు, కొన్ని గంటలు స్త్రీ శరీరంలో గడిపి మార్పు చెందాకే ఆ శక్తి వస్తుంది. 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఈ సంగతి బయటపెట్టారు. ఒక శుక్రకణం లోపలికి చేరగానే అండం తన పైపొరను మార్చుకుని మిగతావాటిని ఆపేస్తుంది, అప్పటిదాకా సగంలో ఆపుకున్న తన చివరి విభజననూ పూర్తిచేస్తుంది. చేతులు ముడుచుకుని ఎదురుచూసేదానిలా ఉందా ఇది? ఇక్కడ తొందరపడకు, ఒక పేజీ పట్టినా సరే.

ఆడో మగో తేల్చేది శుక్రకణం తెచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమ్. నువ్వు దీన్ని బ్రాకెట్లో పెట్టి దాటేశావు. మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని పుట్టింటికి పంపేసిన కోడలిని నేను కళ్లారా చూశాను. పెద్దక్షరాల్లో రాయి.

ఆ తర్వాత పిండం గర్భసంచి గోడకు అంటుకోవడానికి మరో ఆరేడు రోజులు పడుతుంది, అది క్లుప్తంగా చెప్పినా చాలు. తిరగరాసి పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.

మీ అక్కయ్య