సీట్‌పోస్ట్ విరిగింది సరే, బోల్టు గట్టిగా బిగించమన్నది ఎవరు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): నాకు 36 ఏళ్లు. రోడ్ బైక్‌ సైకిల్‌కి విదేశీ కంపెనీ కార్బన్ సీట్‌పోస్ట్ (సీటును మోస్తూ ఫ్రేమ్‌లోకి దిగే గొట్టం) కొన్నాను. అమ్మిన షాపు వాళ్లే బిగించి ఇచ్చారు, బిల్లులో ఫిట్టింగ్ ఛార్జి కూడా వేశారు. కొన్ని వారాలకే సీటు కిందికి జారడం మొదలైంది. షాపుకి వాట్సాప్‌లో చెబితే బోల్టు ఇంకాస్త గట్టిగా బిగించుకోమన్నారు, అలాగే చేశాను. రెండు నెలల తర్వాత రైడ్‌లో ఉండగా పోస్ట్ సరిగ్గా క్లాంప్ (దాన్ని ఫ్రేమ్‌కి బిగించి పట్టే పట్టీ) అంచు దగ్గర విరిగి పడిపోయాను. కాలర్‌బోన్‌కి ఆపరేషన్ అయింది, భుజం ఇప్పటికీ పూర్తిగా లేవదు. పడి 19 నెలలైంది. మీరే ఎక్కువ బిగించారు, మాకు సంబంధం లేదంటున్నారు షాపు వాళ్లు. ఇప్పుడేమో విరిగిన ముక్క తెచ్చిచ్చి ఒక కాగితం మీద సంతకం పెడితే కొత్తది ఉచితంగా ఇస్తామంటున్నారు. తెలిసిన మెకానిక్ ఒకాయన, తానే టార్క్ రెంచ్‌తో (బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో కొలిచే పనిముట్టు) బిగించినట్టు పాత తేదీతో బిల్లు రాసిస్తానన్నారు. ఏం చేయమంటారు? కొత్త పోస్ట్ ఎలాంటిది కొనాలి?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నొప్పి గురించి, పోయిన సెలవుల గురించి, షాపు యజమాని మాట్లాడిన తీరు గురించి ఉంది. అవి పరిహారం ఎంత అనే దగ్గర పనికొస్తాయి గానీ కేసు గెలుస్తారా లేదా అన్నది వాటి మీద తేలదు. మీరు పెద్దగా పట్టించుకోకుండా మధ్యలో రాసిన ఒక్క వాక్యం ఉంది చూడండి, జారుతోందంటే ఇంకాస్త గట్టిగా బిగించుకోమన్నారని, తేలేది దాని మీదే.

ఎందుకంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 87 ప్రకారం, ప్రమాదం జరిగిన సమయానికి వస్తువును వాడకూడని విధంగా వాడి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం ఇచ్చే బాధ్యత) కింద కేసు నిలవదు. షాపు వాళ్లు 'మీరే ఎక్కువ బిగించారు' అంటున్నది ఊరికే కాదు, రేపు వినియోగదారుల కమిషన్ ముందు వాళ్ల లాయరు మొదట చెప్పబోయే మాట అదే. బోల్టు తిప్పే ఆలెన్ కీ మీ చేతిలోనే ఉంది, అది మీరే ఒప్పుకున్నారు. ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరే బిగించి ఉంటే షాపు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దని చెప్పేవాణ్ని.

కానీ అదే చట్టంలో సెక్షన్ 86 ఉంది. బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తయారీదారు ఇచ్చిన హెచ్చరికలు, వాడే పద్ధతి కొన్నవాడికి చెప్పకపోయినా, దానివల్లే హాని జరిగితే అమ్మినవాడిదే బాధ్యత. వస్తువును దిగుమతి చేసినవాడు, బిగించినవాడు, రిపేరు చేసినవాడు కూడా చట్టం దృష్టిలో అమ్మకందారే. తయారీ కంపెనీ మన దేశ చట్టం పరిధిలో లేకపోయినా, దానికి నోటీసు అందజేసే దారి లేకపోయినా సరే, అమ్మినవాడు తప్పించుకోలేడు. మీరు కొన్నది విదేశీ కంపెనీ వస్తువు కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ వాట్సాప్ సలహా ఎందుకంత తప్పో మీకూ తెలియాలి, రేపు మీ అఫిడవిట్‌లో రాయాల్సింది అదే. కార్బన్ పోస్ట్ జారుతోందంటే కారణాలు కొన్నే ఉంటాయి. పోస్ట్ వ్యాసం ఫ్రేమ్‌కి సరిపోకపోవడం, 27.2 మిల్లీమీటర్లు పట్టే చోట కొంచెం సన్నది దూర్చడం లాంటివి. లేదా కార్బన్ పేస్ట్ రాయకుండా పొడిగా పెట్టడం, ఇంకా ఘోరంగా గ్రీజు రాయడం. లోహపు పోస్ట్‌కి అది పట్టేసి రాకుండా పోకూడదని గ్రీజు రాస్తారు, కార్బన్‌కి మాత్రం సన్నటి రవ్వలున్న పేస్ట్ రాయాలి, ఆ రవ్వల పట్టువల్ల బోల్టు తక్కువ బిగించినా పోస్ట్ జారదు. బోల్టు ఎంత బిగించాలో పోస్ట్ మీదో క్లాంప్ మీదో న్యూటన్ మీటర్లలో అచ్చువేసి ఉంటుంది, 5 అనో 6 అనో. రెండింటి మీదా వేర్వేరు అంకెలుంటే తక్కువదే లెక్క. మామూలు ఆలెన్ కీతో 5కీ 9కీ తేడా చేతికి తెలియదు. లోహమైతే వంగి హెచ్చరిస్తుంది, కార్బన్ లోపల నలిగినా పైకి బాగానే కనిపించి ఒక రోజు ఉన్నట్టుండి విరుగుతుంది. అందుకే జారుతోందని ఫిర్యాదు వచ్చినప్పుడు షాపు చెప్పాల్సింది బండి తీసుకురండి, పోస్ట్ బయటికి తీసి వ్యాసం కొలిచి, పేస్ట్ రాసి, అంకె ప్రకారం బిగిస్తామని. ఇంకా గట్టిగా బిగించుకోండి అన్నది తయారీదారు హెచ్చరికకి సరిగ్గా వ్యతిరేకమైన సలహా. నా ఉద్దేశంలో మీరు చేసింది దుర్వినియోగం కాదు, అమ్మినవాడు చెప్పినట్టు నడుచుకోవడం. అయితే అది నిరూపించాల్సింది మీరు.

ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకోవద్దు. చాట్ మొత్తం, మీకు ఇబ్బంది కలిగించే మాటలతో సహా, ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేస్తే ఆ ప్రింట్‌ను ఎదుటివాళ్లు తేలిగ్గా కొట్టిపారేయలేరు. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టుకుని కూర్చోవద్దు.

విరిగిన ముక్క మీ దగ్గరే ఉందన్నారు. ఫ్రేమ్‌లో ఇరుక్కున్న మిగతా భాగాన్ని తీయించేసి కొత్తది వేయిద్దామనుకుంటున్నానని కూడా రాశారు. దయచేసి ఆ పని చేయకండి! పోస్ట్ ఫ్రేమ్‌లోకి ఎంత లోతు దిగి ఉందో, కనీసం ఇంతవరకు లోపల ఉండాలని గీసిన గీత ఎక్కడుందో, ఫ్రేమ్ లోపలి అంచు పదునుగా ఉండి కోసిందో లేదో, గ్రీజు ఉందో పేస్ట్ ఉందో, ఇవన్నీ చెప్పేది ఆ ఇరుక్కున్న ముక్కే. క్లాంప్ అంచు దగ్గర విరిగిందంటే అతిగా బిగించడం కావచ్చు, పదునైన అంచు కావచ్చు, తయారీలో లోపమూ కావచ్చు, నిపుణుడు చూస్తే గానీ తేలదు. తుడవకండి, అతికించకండి. స్కేలు పక్కన పెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ముక్కలను సంచిలో వేసి సీలు చేసి పెట్టండి. సెక్షన్ 38 ప్రకారం పరీక్ష చేస్తేనే లోపం తేలుతుందనుకున్నప్పుడు కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి, ల్యాబ్‌కి పంపగలదు. సైకిల్ భద్రతకి ఐఎస్ఓ 4210 ప్రమాణం ఉంది, అందులో 9వ భాగం శాడిల్ (సీటు), సీట్‌పోస్ట్ పరీక్షలకి సంబంధించినదే. షాపు వాళ్లు కంపెనీకి పంపిస్తాం ఇవ్వండి అంటే ఇవ్వొద్దు, కావాలంటే మీ సమక్షంలో వచ్చి చూసుకోమనండి. ఆ ఉచిత పోస్ట్ కోసం వాళ్లు పెట్టమంటున్న సంతకం ఇక ఏ క్లెయిమూ లేదని రాసిచ్చే కాగితమే అయ్యుంటుంది. చదవకుండా పెట్టారా, భుజం ఖర్చు కూడా దానితోనే పోతుంది.

ఇక ఆ పాత తేదీ బిల్లు సంగతి. ఆ మెకానిక్ మీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు, కానీ ఆ కాగితం ముట్టుకోవద్దు. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణ కిందే లెక్క, అక్కడ తప్పుడు సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల వరకు జైలు. పైగా మీ కేసుకి ప్రాణమైన వాట్సాప్ మెసేజ్‌నే ఆ బిల్లు చంపేస్తుంది. షాపు మాట విని నేనే బిగించానని ఒక పక్క, మెకానిక్ టార్క్ రెంచ్‌తో బిగించాడని ఇంకో పక్క. ఏది నమ్మాలి? రెండూ నమ్మరు.

ఇప్పుడు మిమ్మల్ని కోప్పడాల్సిన విషయం. 19 నెలలు ఏం చేస్తున్నారండీ? సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి ఆధారమైన ఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీ గాయం విషయంలో పడిన రోజు నుంచే లెక్కేసుకోండి. షాపుతో మాటలు నడుస్తున్నాయనీ, కంపెనీకి మెయిల్ పెట్టి ఎదురుచూస్తున్నాననీ గడువు ఆగదు, లీగల్ నోటీసు పంపినా ఆగదు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉన్నా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు మిగిలింది ఐదు నెలల లోపే. డబ్బా, దానిలోని సూచనల కాగితం పారేశానని కూడా రాశారు. అదే మోడల్ సూచనల పత్రం కంపెనీ సైట్‌లో దొరికితే ఈ రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, హెచ్చరిక ఏమని ఉందో చూపించడానికి అది తప్పనిసరి.

డిశ్చార్జి సమ్మరీలో 'సైకిల్ జారి పడ్డారు' అని ఉందట. అవతలి లాయరు దీన్ని పట్టుకుంటాడు. ఆసుపత్రికి వెళ్లి మార్పించే ప్రయత్నం చేయకండి. మొత్తం కేసు షీట్ నకలు తీసుకోండి, ఆ రోజు మీతో రైడ్ చేసిన వాళ్లు ఎవరైనా పోస్ట్ విరగడం చూసి ఉంటే వాళ్ల అఫిడవిట్ తీసుకోండి.

చేయాల్సింది ఇదీ. ముందు షాపుకి, దిగుమతిదారు ఎవరో తెలిస్తే వాళ్లకీ 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి పోర్టల్‌లో కూడా వేసుకోవచ్చు. వస్తువుకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ఒక సంగతి జాగ్రత్త, ఉత్పత్తి బాధ్యత కింద 'హాని'లో విరిగిన వస్తువు ధర కలవదు. అందుకని పోస్ట్ ధర, ఫిట్టింగ్ ఛార్జి సేవా లోపం కింద విడిగా అడగండి. వైద్య ఖర్చు, పోయిన జీతం, భుజానికి మిగిలిన లోపం, మానసిక వేదన హాని కింద అడగండి.

కొత్త పోస్ట్ మాటకొస్తే, తనిఖీ అయ్యేదాకా ఈ ఫ్రేమ్‌కి ఏదీ వేయకండి. ఆ తర్వాత కొనేటప్పుడు ఫ్రేమ్ మాన్యువల్‌లో ఉన్న వ్యాసమే తీసుకోండి, పోస్ట్ మీది కనీస గీతతో పాటు ఫ్రేమ్ తయారీదారు చెప్పిన లోతుకి కూడా దిగేంత పొడవు ఉండాలి. శాడిల్ కింది కడ్డీలు 7 మిల్లీమీటర్ల గుండ్రటివా, 7, 9 కొలతల అండాకారపు కార్బన్‌వా చూసుకోండి, ఒకదాని క్లాంప్ రెండోదానికి పనికిరాదు. బిగించాక ఎంత టార్క్‌తో బిగించారో బిల్లు మీదే రాయించుకుని, ఫొటో తీసుకుని, అప్పుడు డబ్బు ఇవ్వండి.