వారం వారం మారే షిఫ్టులకు శరీరం అలవాటు పడుతుందా?

ప్యాకింగ్ సెక్షన్‌లో చేరబోతున్నానని, షిఫ్టు వారానికోసారి మారుతుందని, కొన్నాళ్లకు అలవాటవుతుందా అని అడిగారు. మూడు షిఫ్టుల్లో తొమ్మిదేళ్లు చేశాను. పని అలవాటైంది గానీ నిద్ర మాత్రం కాలేదు.

నైట్‌లో అర్ధరాత్రి దాకా ఎలాగో గడిచిపోతుంది. మూడింటి నుంచి ఐదింటి వరకే నరకం. ఆ వేళ ఒంట్లో వేడి తగ్గుతుంది, కళ్లు తెరిచే ఉన్నా చూసింది బుర్రకెక్కదు. ఒకసారి ఆ సమయంలోనే వేరే సరుకు లేబుల్ రోలు ఎక్కించి గంటసేపు లైను నడిపాను. అందరి ముందూ తిట్టారు, జీతంలో కోశారు. అది వరసగా ఆరో నైట్ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అందరూ నైట్ గురించే భయపడతారు. నేను ఎక్కువ పోగొట్టుకున్నది సెకండ్ షిఫ్టులో, అంటే మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగేదాంట్లో. పాప బడి నుంచి వచ్చేలోపే నేను డ్యూటీకి వెళ్లిపోయేవాణ్ణి, తిరిగొచ్చేసరికి నిద్రపోయి ఉండేది. పొద్దున బడికెళ్లే హడావిడిలో నాలుగు మాటలు, అంతే. నైట్ వారంలో కనీసం సాయంత్రం పక్కన కూర్చుని హోంవర్క్ చేయించేవాణ్ణి.

షిఫ్టులు తిరిగే వరుస కూడా ముఖ్యమే. మాకు మొదట్లో నైట్, తర్వాత సెకండ్, తర్వాత ఫస్ట్ వేసేవారు. మన ఒంట్లోని గడియారం సగటున 24 గంటల కన్నా కాస్త ఎక్కువే తిరుగుతుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, రోజూ పడుకునే వేళకన్నా ముందే నిద్రపోవడం కష్టం. ఆ వరుసలో షిఫ్టు మారిన ప్రతిసారీ ముందుకు జరిగి పడుకోవాల్సి వచ్చేది. మేమంతా కలిసి అడిగాక ఫస్ట్, సెకండ్, నైట్ వరుసకు మార్చారు. అలసట పూర్తిగా పోలేదు గానీ, షిఫ్టు మారిన మొదటి రెండు రోజులు తల దిమ్ముగా ఉండటం బాగా తగ్గింది.

ఇంకొకటి డబుల్ డ్యూటీ. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టులో మన చోటికి రావాల్సినవాడు, రాకపోతే ఉన్నవాణ్ణే ఆపేస్తారు. ఏకధాటిగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అలాంటి స్థితిలో మెషిన్ దగ్గర నిలబెట్టడం తప్పు. ఆ తర్వాత బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లడం ఇంకా ప్రమాదం. నేనైతే డబుల్ చేసిన రోజు బండి అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి.

చేరే ముందే షిఫ్టులు ఏ వరుసలో తిరుగుతాయో, రిలీవర్ రాకపోతే ఏం చేస్తారో, ఓటీ (అదనపు గంటల డబ్బు) ఎలా లెక్కకడతారో అడగండి. వీలైతే కాగితం మీద రాయించుకోండి.