పోస్టర్ పెట్టినా ఎవరూ టీకా అడగడం లేదంటే

మీ మందుల షాపులో ఫ్లూ టీకా పోస్టర్ పెట్టినా ఎవరూ అడగడం లేదని, మీరే అడిగితే "చూద్దాం లెండి" అంటున్నారని రాశారు. లోపం పోస్టర్‌లో కాదు, మీరు అడిగే తీరులో ఉంది. "ఫ్లూ వ్యాక్సిన్ వేయించుకుంటారా?" అంటే వచ్చే జవాబు "చూద్దాం లెండి".

1. ప్రిస్క్రిప్షన్ చూడండి. ఇన్సులిన్, ఆస్తమా ఇన్‌హేలర్, గుండె మందులు కనబడితే వాళ్లతో మొదలుపెట్టండి. ఫ్లూ వాళ్లకే ఎక్కువగా ముదురుతుంది.

2. ప్రశ్నలా కాక సలహాలా చెప్పండి: "మీకు షుగర్ ఉంది కదండీ, ఈ ఏడాది ఫ్లూ టీకా పడాలి. ఈరోజే వేయించుకోవచ్చు."

3. అందరూ వదిలేసేది ఇదే. తటపటాయిస్తే వెంటనే లెక్చర్ ఎత్తుకోకండి. "దేని గురించి టెన్షన్?" అని అడిగి ఆగండి. బిల్లు కొడుతూ కాదు, నిజంగా ఆగండి.
ఒకరికి సూది భయం. ఇంకొకరు "కిందటిసారి టీకాతోనే ఫ్లూ వచ్చింది" అంటారు. ఆ ఒక్కదానికే జవాబివ్వండి: ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానితో ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. రక్షణ రావడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. ఆలోపు జబ్బు సోకితే నింద టీకా మీద పడుతుంది.

4. సరేనంటే పాత అలర్జీలు కనుక్కుని అక్కడే వేసేయండి. మీకు వేసే అనుమతి లేకపోతే ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో చీటీ మీద రాసివ్వండి. నోటిమాట గుమ్మం దాటగానే మర్చిపోతారు.

వద్దంటే బలవంతం చేయకండి. మళ్లీ మందులకు వచ్చినప్పుడు ఇంకోసారి అడగొచ్చు.