లీడా, లెడ్డా?

ఒకే స్పెల్లింగు ఉండి, పలికే తీరూ అర్థమూ మారిపోయే ఇంగ్లీషు మాట ఒకటి చెప్పమన్నారు. తిరుపతిలో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టే) పని చేసుకునేవాణ్ణి, నా ఓటు ఎల్-ఈ-ఏ-డీ కే.

ముందుండి నడపడం అయితే లీడ్. సినిమాలో లీడ్ రోల్, కౌంటింగ్ రోజు టీవీలో అరిచే లీడ్, మల్టీమీటరుకు తగిలించే వైరు, బ్రిటన్‌లో కుక్కను పట్టుకునే తాడు, అన్నీ లీడే. సీసం అయితే మాత్రం లెడ్. మన కరకంబాడిలో అమర రాజా వాళ్లు చేసే బండి బ్యాటరీ లెడ్-యాసిడ్ బ్యాటరీ. పాత ఇంగ్లీషులో ఇవి రెండూ వేర్వేరు మాటలు. లోహం పేరులోనూ ఒకప్పుడు దీర్ఘమే ఉండేది. హెడ్, బ్రెడ్, డెడ్‌లతో పాటు అదీ పొట్టిదైపోయింది, రాత మాత్రం మారలేదు. (మనకు సీసం అంటే లోహమూ అవుతుంది, పద్యమూ అవుతుంది. పలకడంలో మాత్రం పేచీ లేదు.)

మా పనిలో ఈ మాటతో రోజూ పనే. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో వరసల మధ్య ఎడం పెట్టే చోట ఉండే మాటను నేను పని నేర్చుకున్న షాపులో అందరూ 'లీడింగ్' అనేవాళ్లు. పాత లెటర్‌ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేసిన పెద్దాయన ఒకరు ప్రూఫులు దిద్దడానికి వచ్చేవారు. ఆయనే చెప్పినారు: "లీడింగు గాదబ్బా, లెడ్డింగు. వరసకీ వరసకీ మధ్య సీసం బద్దలు పెట్టేవాళ్లం మేము." అచ్చక్షరాలు కూడా సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి పోసినవే. సీసం బద్ద పోయింది, కంప్యూటర్లో పేరు మిగిలింది.

ఇంగ్లీషుకు 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లెడ్డింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఇస్తుంది. తెలుగుకు అది చాలదు. పెళ్లి కార్డులో 'జ్యోత్స్న' అని వచ్చిందనుకోండి, త కింద రెండు ఒత్తులు. కింది వరసలో సరిగ్గా అక్కడే 'శ్రీమతి' పడిందా, ఒత్తు పోయి గుడిలో ఇరుక్కుంటుంది. "ఏందన్నా, పాప పేరు ఇట్లా అతుక్కోనుంది?" అని కార్డు వెనక్కి తెస్తారు. అందుకే నేను 12 పాయింట్ల తెలుగుకు 17కు తగ్గకుండా పెడతాను, కాగితం ఎక్కువైనా సరే.

పెన్సిల్ సంగతి ఇంకో తమాషా. నొక్కే పెన్సిల్లో వేసుకునే పుల్లకు పిల్లలు "అన్నా, పాయింట్ ఫైవ్ లీడ్ ఇవ్వన్నా" అంటారు. పలకాల్సింది లెడ్ అని. కానీ అందులో సీసం చుక్క కూడా లేదు, ఉన్నది గ్రాఫైట్. 16వ శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ దగ్గర అది దొరికినప్పుడు ఒక రకం సీసమే అనుకుని 'బ్లాక్ లెడ్' అన్నారు. అది కర్బనమని 1779లో రసాయన శాస్త్రవేత్త షీలే తేల్చినా పాత పేరు వదల్లేదు. ఇళ్లల్లో 'లెడ్ బల్బు' అనేదానికి వీటితో ఏ చుట్టరికమూ లేదు, అది మూడు పొడి అక్షరాల ఎల్ఈడీ.

ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లకు ఒక్క మాట. యూనివర్సిటీ పిల్లల రెజ్యూమేలు టైపు చేస్తుంటాను. "టీమును నడిపించాను" అనే చోట చాలామంది ఎల్-ఈ-ఏ-డీ అనే రాస్తారు. రీడ్‌కు భూతకాలంలో స్పెల్లింగు మారకుండా రెడ్ అవుతుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. కాదు, దీనికి మధ్యలోని 'ఏ' తీసేసి ఎల్-ఈ-డీ అని రాయాలి. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్ చెక్కరు చాలాసార్లు కింద ఎర్ర గీత గీయదు. ప్రింటు ఇచ్చే ముందు మీరే చూసుకోండి.