రక్తపు గడ్డలో ప్లేట్‌లెట్లు విడిగా కనిపించట్లేదు, అంతా ఆకుపచ్చ మసకే: ఎక్కడ తేడా?

మీరు ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో (కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఉన్నది) తెచ్చిన రక్తానికి కాల్షియం కలిపి గడ్డ కట్టించి, ఆ తర్వాత ఆకుపచ్చగా మెరిసే ఎఫ్ఐటీసీ రంగు తగిలించిన, ప్లేట్‌లెట్లను గుర్తుపట్టే సీడీ41 యాంటీబాడీ పోశానన్నారు. కాన్ఫోకల్ మైక్రోస్కోపులో అంచున ఆకుపచ్చ చార, లోపల మసక. మైక్రోస్కోపు సెట్టింగులు మార్చి లాభం లేదు, తేడా అంతకుముందే వచ్చేసింది.

ముందు ట్యూబు మార్చండి. ప్లేట్‌లెట్ పైపొర మీద సీడీ41, సీడీ61 అనే ప్రోటీన్లు జంటగా ఉంటాయి. ఆ జంటను పట్టి ఉంచేది కాల్షియం. ఈడీటీఏ దాన్ని లాగేస్తే జంట విడిపోతుంది, జంటను గుర్తుపట్టే యాంటీబాడీకి పట్టు దొరకదు. 37 డిగ్రీల దగ్గర ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మే నెలలో విశాఖలో మహారాణిపేట నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం క్యాంపస్ దాకా ఆటోలో వచ్చే ట్యూబు ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పాలా? అలాగని ఐసులో పెట్టకండి, చలికి ప్లేట్‌లెట్లు ఆకారం మార్చేసుకుంటాయి. నీలం మూత ట్యూబు తీసుకోండి: 3.2 శాతం సోడియం సిట్రేట్, 9 పాళ్ల రక్తానికి 1 పాలు, గీత దాకా నిండాలి. 21 గేజ్ సూది వాడి, మొదటి 2–3 మిల్లీలీటర్లు వదిలేయండి. ఉత్త థర్మాకోల్ పెట్టెలో గది ఉష్ణోగ్రతలో తెచ్చి, 4 గంటల్లో పని ముగించండి. దాత గత పది రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారేమో తప్పక అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, యాంటీబాడీ గడ్డ కట్టకముందే కలవాలి. దాని బరువు 150 కిలోడాల్టన్లు. గడ్డను అల్లే ఫైబ్రిన్ పోగుల వల, అందులో కిక్కిరిసిన ఎర్రకణాలు దాటి లోపలికి పోలేక అంచునే ఆగిపోతుంది. మీరు చూసిన చార అదే. యాంటీబాడీని సెంట్రిఫ్యూజ్‌లో గరిష్ఠ వేగంతో 5 నిమిషాలు తిప్పి పైది మాత్రమే తీయండి. అడుగున చేరే ముద్దలు స్లైడు మీద అచ్చం ప్లేట్‌లెట్లలాగే మెరుస్తాయి. 180 మైక్రోలీటర్ల రక్తంలో కలిపి చీకట్లో 15 నిమిషాలు ఉంచి, 200 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ 20 మైక్రోలీటర్లు వేయండి. ఆ ద్రావణం ఫాస్ఫేట్ ఉండే పీబీఎస్ బఫర్‌లో కలపొద్దు, కాల్షియం ఫాస్ఫేట్ పొడిలా దిగిపోతుంది. హెపిస్ బఫర్ వాడండి. కొన్ని క్లోన్లు (యాంటీబాడీ రకాలు) ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోకుండా అడ్డుపడతాయి కాబట్టి, యాంటీబాడీ లేని రక్తం కూడా పక్కనే గడ్డ కట్టించి పోల్చండి.

గాజు అడుగున్న ఛాంబర్‌లో పలచగా పరిచి, తడి టిష్యూ పెట్టిన డబ్బాలో 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచండి. మందంగా పోస్తే ప్లేట్‌లెట్లు ఫైబ్రిన్‌ను లాగి గడ్డను గాజు నుంచి ఊడదీస్తాయి. పైగా 60ఎక్స్ ఆయిల్ లెన్సు పావు మిల్లీమీటరు లోతు కూడా చూడలేదు.

ఎఫ్ఐటీసీ బదులు ఎరుపు చివరన మెరిసే అలెక్సా 647 రంగు తీసుకోండి. నీలం, ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపు చివరన ఆ బెడద చాలా తక్కువ. ప్లేట్‌లెట్ 2–3 మైక్రాన్లే కాబట్టి జెడ్ స్టాక్‌లో (లోతు వారీగా తీసే చిత్రాల వరుస) చిత్రానికీ చిత్రానికీ ఎడం 0.3 మైక్రాన్లు పెట్టండి. గడ్డను ఫిక్స్ చేయాల్సివస్తే (రసాయనంతో ఉన్నదున్నట్టు నిలిపి ఉంచడం) గ్లూటరాల్డిహైడ్ జోలికి పోకండి, అది తనంతట తానే మెరుస్తుంది.

సీడీ41 ప్లేట్‌లెట్ ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. ఏది యాక్టివేట్ అయిందో తెలియాలంటే యాక్టివేట్ అయినప్పుడు పైకి వచ్చే సీడీ62పి ప్రోటీన్‌కు యాంటీబాడీని వేరే రంగులో చేర్చి, ఐసోటైప్ కంట్రోల్‌ను (దేన్నీ ప్రత్యేకంగా గుర్తుపట్టని అదే రకం యాంటీబాడీ) అదే లేజర్, అదే గెయిన్‌తో తీయండి.