సిద్ధాంతం రోగి మంచం పక్కనే పుట్టింది

ప్రశ్న: బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నైటింగేల్, పెప్లౌ, ఓరెమ్ సిద్ధాంతాలను పరీక్ష కోసం కంఠస్థం చేస్తున్నామే తప్ప, వార్డులో వాటి ఉపయోగం కనిపించడం లేదు. వీటిని ఎందుకు చదవాలి?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: లోపం సిద్ధాంతాలది కాదు, వాటిని పేర్లు, సంవత్సరాల పట్టికగా బోధించే పద్ధతిది. క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి సైనిక ఆసుపత్రిలో పనిచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్, స్వచ్ఛమైన గాలి, వెలుతురు, పరిశుభ్రత, నిశ్శబ్దం, తగిన ఆహారం సమకూర్చి, ప్రకృతి రోగిని నయం చేయడానికి అనువైన స్థితిలో అతణ్ణి ఉంచడమే నర్సు పని అని భావించారు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట శిక్షణాలయం మొదలైంది. 1952లో మానసిక వైద్య రంగపు నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ, నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సకు ఆధారమని వాదించారు. వైద్యుని ఆదేశాన్ని అమలుచేయడమే నర్సింగ్ అనుకునే రోజుల్లో ఇది సాహసమే.

రోగి తన సంరక్షణ తాను చేసుకోలేని మేరకే నర్సు సాయపడాలనే డొరోతియా ఓరెమ్ సిద్ధాంతం వార్డులో అన్నిటికన్నా సులభంగా కనిపిస్తుందని నా అభిప్రాయం. స్పృహలేని రోగికి నర్సే సమస్తం చేయాలి. శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న వ్యక్తితో పని పంచుకోవాలి. కొత్తగా మధుమేహం బయటపడిన వ్యక్తికి ఇన్సులిన్ సూది తానే వేసుకోవడం నేర్పాలి. మూడో సందర్భంలో కూడా అన్నీ మనమే చేసిపెడితే, ఇంటికి వెళ్లాక అతను నిస్సహాయుడవుతాడు. రేపు మీకు అప్పగించిన రోగి తనకు తానుగా ఏ పనులు చేసుకోగలరో ముందుగా రాసి, ఆ తరువాతే సంరక్షణ ప్రణాళిక మొదలుపెట్టండి.